ఎర్రగీత కొట్టిన చుక్కలు

సంతాప సభ ఉన్నదని ఫోన్ చేస్తే పోయిన. ఆమె పనిచేసిన ఆఫీసుల, పై అంతస్తు హాల్ల పెట్టిన్రు. ఫోటోకు బంతిపూల దండ వేసిన్రు. ఫోటో వయసుల ఉన్నప్పటిది, కండ్లద్దాలు లేవు. అద్దాలు లేని ఆమె ముఖం నాకు అలవాటు లేదు. వేరే ఎవరి సభకో వచ్చిన్నేమో అని గుమ్మంలనే ఆగిన.

ఒకాయన లేచి ఆమె సేవ గురించి చెప్పిండు. ఇంకొకాయన క్రమశిక్షణ అన్నడు. మూడో ఆయన "ఆవిడది డేగ కన్నండీ" అన్నడు. అందరు తలకాయలు ఊపిన్రు. ఆఖరి రెండేండ్లు ఆమెకు పళ్ళెంల అన్నం ఏ దిక్కున్నదో, కూర ఏ దిక్కున్నదో నేను చెప్పాల్సి వచ్చేది. ఆ రెండేండ్లల్ల ఈ తలకాయలల్ల ఒక్కటి సుత ఆమె ఇంటి మెట్లు ఎక్కలే. నన్ను మాట్లాడుమని ఎవ్వరు అడగలే. మంచిగనే అయింది. అడిగితే నోటికి ఏమొచ్చునో నాకే తెల్వదు. సమోసా తిని, చాయ్ తాగి, బస్సెక్కి మౌలాలిల మా ఇంటికి వచ్చిన. వచ్చినంక కూసొని ఇది రాస్తున్న.

ఆమె పేరు రాయను. తన పేరు ఎక్కడన్న అచ్చుల కనబడితే ఆమెకు నచ్చేది కాదు. "నా పేరెందుకమ్మా, కొలత రాస్తే చాలదూ" అనేది.

నేను రెజిమెంటల్ బజార్ల ఒక బడిల ముప్పై ఏండ్లు ఆయమ్మగ చేసిన. బోర్డు మీద రాసింది రోజు సాయంత్రం తుడిచేదాన్ని, ఏం తుడుస్తున్ననో తెల్వకుండ. పని నుంచి దిగినంక అదే బడి వరండాల పెద్దోళ్ళ క్లాసు పెట్టిన్రు. అరవై దాటినంక పోయి కూసున్న. ఆడ చదువు చెప్పే పిల్ల ఒకనాడు అన్నది: "ఈ సందు వెనుక ఒక పెద్దామె ఉన్నది, చూపు పోయింది. పాత నోటుబుక్కులల్ల అంకెలు చదివి పెట్టే మనిషి కావాల్నంట."

"చదువుకున్నోళ్ళు దొరకలేదా, నేనే దొరికిన్నా?"

"పోయి చూడరాదు పెద్దమ్మా, ఏం పోయింది?"

పోయిన. రెండో అంతస్తు. స్టేషన్ల రైళ్ళ పేర్లు చెప్పే గొంతు ఆ ఇంట్లకు మంచిగ వినబడేది. తలుపు కొడితే లోపట గడియ తీసిన సప్పుడు, మళ్ళ వేసిన సప్పుడు, మళ్ళ తీసిన సప్పుడు. సన్నటి మనిషి, బిగించి కట్టిన నేత చీర, ముక్కు మీద మందం అద్దాలు.

"ఎవరూ?"

"చదవనీకె వచ్చిన."

"ఏం చదువుకున్నావమ్మా?"

"ఏం చదువుకోలే. మొన్న మొన్ననే నేర్చుకున్న."

ఆమె ఒక పొడుగు నోటుబుక్కు చేతుల పెట్టింది. వేలు పెట్టుకుంట చదివిన. పదమూడు పాయింట్ ఆరు రెండు. పన్నెండు పాయింట్ ఏడు ఒకటి. ఒక వరుస అయ్యేసరికి చెమట పట్టింది.

"రేపట్నించి రా" అన్నది.

"ఇంత మెల్లగనే చదువుత మరి. ముందే చెప్తున్న."

"అందుకే రమ్మంటున్నాను. మొన్నటిదాకా ఒక కాలేజీ పిల్ల వచ్చేది. రైలు పోయినట్టు చదివేది. అంకెలంటే దానికి లోకువ, సగం చూసి సగం ఊహించేది. నువ్వు ప్రతి అంకెనీ మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నావు."

"మొదటిసారే కద చూస్తున్న టీచరమ్మా."

"నేను టీచర్ని కాదు. కొలిచేదాన్ని."

చదువొచ్చిన ఆడమనిషి కనబడితే నాకు నోట్లకెళ్ళి టీచరమ్మ అనే వస్తది, ముప్పై ఏండ్ల అలవాటు. ఆఖరిదాక అట్లనే పిలిచిన. ఆమె ఆఖరిదాక "టీచర్ని కాదు" అనుకుంటనే పలికింది.

ఏం కొలిచేదంటే చుక్కలు. దుర్భిణికి గాజు పలకలు పెట్టి ఫోటోలు తీసేటోళ్ళంట. ఆ పలకల మీద ఆకాశం తెల్లగ, చుక్కలు నల్లగ పడేవంట. ఒక్కొక్క నల్ల మచ్చను యంత్రం కింద పెట్టి అది ఎంత పెద్దగున్నదో చూసి, ఆ చుక్క నీలం వెలుగుల ఎంత, పసుపు వెలుగుల ఎంత అని రాసుడు ఆమె కొలువు. పెండ్లి చేసుకోలే. కోస్తా నుంచి కొలువు కోసం వచ్చి ఈడనే ఉండిపోయింది.

"చుక్కలను ఎన్నడన్న చూసిన్రా టీచరమ్మా? మీద, ఆకాశంల?" అని అడిగిన ఒకనాడు.

"మా ఆఫీసు తొమ్మిదిన్నర నుంచి అయిదున్నర. ఆ టైములో చుక్కలుంటాయా?"

"మరి పొద్దుగూకినంక?"

"పొద్దుగూకాక వంట చేసుకోవద్దూ?"

ఆమె జవాబులు అట్లనే ఉండేవి. చూపు పోయినంక అద్దాలెందుకు పెట్టుకుంటరని అడిగితే, "లేకపోతే ముఖానికి చలేస్తుంది" అన్నది. నేను బిస్కెట్లు చాయ్ల ముంచుకుంటే వాసన పట్టి, "మళ్ళీ ఆ బురద చేస్తున్నావా?" అనేది. నేను ఆమె కాఫీని దగ్గు మందు అనేదాన్ని. ఒకరి మాట ఒకరికి పడకపోయేది, గని ఒక్క రోజు సుత నేను మానలే.

ఏదైన మూడుసార్లు చేసుడు ఆమెకు రోగం లెక్క. గడియ మూడుసార్లు. గ్యాసు మూడుసార్లు. తోటకూర అమ్మెటామెను ధర మూడుసార్లు అడిగేది. ఆ తల్లి నా దిక్కు తిరిగి, "ఏందమ్మ, మీ అమ్మకు చెవుడు సుతనా?" అన్నది. టీచరమ్మ విన్నది. "చెవులు బాగానే ఉన్నాయి. ఒకసారి చెప్తే పొరపాటు కావచ్చు. రెండుసార్లయితే అనుమానం. మూడోసారి కూడా అదే అయితే, ఉన్నట్టు" అన్నది. తోటకూరామె మూడోసారి రెండు రూపాయలు పెంచి చెప్పింది. అప్పుడు సుత టీచరమ్మ నవ్వలే. "చూశావా, తేడా వచ్చింది" అన్నది నాతోని.

ఆమె నవ్వంగ నేను చూసింది ఒక్కసారే. అది చెప్పాలంటే గుత్తి సంగతి చెప్పాలె.

ఆకాశంల చుక్కల గుత్తులు ఉంటయంట. ఒక్కొక్క దాంట్ల లక్షల చుక్కలు, లడ్డు లెక్క గుండ్రంగ, దగ్గర దగ్గర ఒత్తుకొని. ఈ లోకంల అన్నిటికన్న ముసలివి అవేనంట. ఆమె కొలువుల ఉన్న రోజులల్ల అందరు ఏమనుకునేటోళ్ళంటే, ఒక గుత్తిల చుక్కలన్ని ఒక్క కాన్పుల పుట్టినయ్, ఒక్క మబ్బు నుంచి, ఒక్క తీరు సరుకుతోని. అట్లయితే ప్రతి చుక్కకు రంగు అడ్డంగ, వెలుగు నిలువుగ లెక్క పెట్టి కాగితం మీద గుర్తులు పెడితే, గుర్తులన్ని ఒక్క గీత మీద వచ్చి కూసోవాలె.

తర్వాత చానా ఏండ్లకు, ఆమె కొలువు దిగి, చూపు ఇంక జెర ఉన్నప్పుడు, పత్రికలల్ల చదివిందంట, అది ఒక్క కాన్పు కాదని. ఒకే గుత్తిల రెండు తరాలు, కొన్నిట్ల మూడు, ఇంక ఎక్కువ సుత. ముందు పుట్టిన చుక్కలు కక్కిన సరుకుతోని వెనక చుక్కలు పుట్టినట్టున్నయ్ అని. వెనకవాటిల సోడియం ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. మంచి దుర్భిణితోని చూస్తే ఒక్క గీత అనుకున్నది రెండుగ, మూడుగ చీలి ఉన్నదంట.

"మా బడిలెక్క" అన్న నేను. "దూరంకెళ్ళి చూస్తే అందరు ఒక్కటే యూనిఫారం, ఒక్క బ్యాచే అనిపిస్తది. దగ్గరికి పోతే తెలుస్తది, దాంట్ల పోయినేడు ఫేలయినోళ్ళ తమ్ముండ్లున్నరని."

"ఫేలవడం కాదు గానీ, ఆఁ, తమ్ముళ్ళే."

"తమ్ముండ్లు ఎంతమంది?"

"సగం కంటే ఎక్కువే. కొన్ని గుత్తుల్లో అన్నలకంటే చాలా ఎక్కువ."

నేను ఆలోచన చేసిన. "తల్లులు తక్కువ, పిల్లలు ఎక్కువ అయితే, గంతమందికి పాలు యాడికెళ్ళి వచ్చినయ్ టీచరమ్మా?"

గప్పుడు నవ్వింది. నోరు తెరిచి, కుర్చీ చేతిని తట్టుకుంట. "అదేనమ్మా! ప్రపంచమంతా తల బద్దలు కొట్టుకుంటున్నది దానికే. మొదటి తరం కక్కిన సరుకు రెండో తరానికి చాలదు. లెక్క సరిపోదు. ఎవరికీ తెలియదు ఇప్పటికీ." నవ్వాపుకొని, "నీకు నలభై ఏళ్ళ క్రితం అక్షరాలొచ్చి ఉంటే బాగుండేది" అన్నది. నాకు కోపమొచ్చింది. అట్లాంటి మాట మంచికి అన్న మంటనే ఉంటది.

ఇంక ఆమెకు ఈ నోటుబుక్కులతోని ఏం పని? ఆ సంగతి నెమ్మదిగ చెప్పింది, ఒక్క రోజుల గాదు.

వయసుల ఉన్నప్పుడు దక్షిణం దిక్కు కనబడే ఒక పెద్ద గుత్తిని రెండేండ్లు కొలిచిందంట. గుర్తులన్ని పెడితే చానా మట్టుకు గీత మీదనే కూసున్నయ్. కొన్ని కూసోలే. గీత పక్కకు, దానికొక నీడ పడ్డట్టు, పక్కనే జరిగి నిలబడ్డయ్. పై ఆఫీసరు చూసి, "ఇవి మన గుత్తివి కావు, దారిలో అడ్డమొచ్చిన వేరే చుక్కలు. లేకపోతే నీ చెయ్యి వణికింది. కొట్టెయ్" అన్నడంట.

"అడ్డమొచ్చినవి కొన్ని ఉంటాయి, అది నిజమే" అన్నది ఆమె. "కానీ ఒక్కొక్కదాన్నీ మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అక్కడే ఉంది. ఆ మాట ఆయనతో అనలేదు. కొత్తగా చేరినదాన్ని. ఎర్ర సిరా తీసుకుని కూర్చుని కొట్టేశాను. రిపోర్టు చూసి ఎంత శుభ్రంగా ఉందో అని మెచ్చుకున్నాడు."

ఆ మెచ్చుకోలు ఆమెకు యాభై ఏండ్లు గొంతుల అడ్డం పడ్డది. పత్రికల రెండు తరాలని చదివిన రోజు నుంచి ఆమెకు ఒక్కటే కావాలె. తను కొట్టేసినవాటిల ఆ రెండో తరం ఉండెనా, లేకుంటే నిజంగనే తన చెయ్యి వణికిందా? "ఆ పాత పలకల్లో అంత తేడా కనబడకపోవచ్చు కూడా. నాకేం బహుమానం అక్కర్లేదు. కనబడిందా లేదా, అది చాలు" అనేది. ఆఫీసు మారినప్పుడు పాత సామాన్లల్ల పడి ఉన్న నోటుబుక్కులు ఆటోల వేసుకొని తెచ్చుకున్నది. గాజు పలకలు దొరకలే. నోటుబుక్కులు తెరిచేసరికి చూపు పోయింది.

చూపు లేని మనిషి గీత ఎట్ల చూస్తది? దానికి ఆమే ఒక ఉపాయం చేసింది. తెల్ల థర్మకోల్ అట్ట మీద నాతోని గళ్ళు గీయించింది. నేను చదవాలె, ఆమె మనసుల లెక్క చేసి ఏ గడి అనేది చెప్పాలె, నేను ఆ గడిల గుండుసూది గుచ్చాలె. సాయంత్రం ఆమె అట్టను ఒడిల పెట్టుకొని అరచేతితోని సూదుల తలకాయలు తడిమేది. అంకె పెద్దదైతే వెలుగు తక్కువంట, అంత ఉల్టా. ఒకనాడు నేను కింద గడిల గుచ్చాల్సిన సూది మీద గడిల గుచ్చితే, తడమంగనే ఆమెకు తెల్సింది. "ఇది ఇక్కడ ఉండదే. మళ్ళీ చదువు" అన్నది. నేనే తప్పు గుచ్చిన్నని తేలింది. అంత మనిషి.

"అన్నీ చదువు. ఒక్కటి కూడా వదలకు" అని రోజు చెప్పేది.

"అన్ని చదువుతున్న" అని రోజు చెప్పేదాన్ని.

అబద్ధం చెప్పలే. నాకు తెల్సిన కాడికి అన్ని చదివిన. ముప్పై ఏండ్లు పిల్లల కాపీ బుక్కులల్ల ఎర్రగీతలు చూసిన. వరండాల క్లాసుల నా కాపీల సుత చూసిన. ఎర్రగ కొట్టేసింది అంటే తప్పు. తప్పును మళ్ళ నోటితోని చదవొద్దని మా క్లాసు పిల్ల గట్టిగ చెప్పింది. చదివితే తప్పే అలవాటైతదని. నోటుబుక్కుల ఎర్రగీత ఉన్న వరుస వస్తే నా వేలు దానంతటదే కిందికి దిగేది. ఆమె ఎర్ర సిరాతోని కొట్టేసిన కథ నేను విన్న. చెవులార విన్న. గని ఆ ఎర్రది, నా వేలు కింద ఉన్న ఈ ఎర్రది ఒక్కటే అని నా బుర్రకు తట్టలే. ఇప్పుడు రాస్తుంటే నాకే నమ్మబుద్ధి అయితలేదు. గని అట్లనే జరిగింది. చుక్కల నంబర్లు వరుసగ ఉండేవి గావు, పలక మీద యాడ దొరికితే ఆడ కొలుచుకుంట పోయిందంట. అందుకే నడుమ నేను దాటేసినయ్ ఆమెకు సుత తెల్వలే.

ఎనిమిది నెలలకు మొదటి నోటుబుక్కు అయిపోయింది. ఆ రోజు ఆమె అట్టను ఒడిల పెట్టుకొని చానాసేపు తడిమింది. మీదికెళ్ళి కిందికి, కిందికెళ్ళి మీదికి. నేను రెండుసార్లు చాయ్ పెట్టుకొని తాగిన.

"ఒకటే గీత" అన్నది.

"మంచిగ లేదా?"

"చాలా బాగుంది. సన్నగా ఉంది. ఎంత శుభ్రంగా ఉందో."

మూడుసార్లు తడిమింది. మూడోసారి చెయ్యి తీసేసి ఒడిల పెట్టుకున్నది. "పెద్దాయన చెప్పిందే సరి అన్నమాట. నా చెయ్యే వణికింది" అన్నది. నాకు ఆమె మీద కోపమొచ్చింది, ఎందుకంటే ఆమె ఎప్పుడు అంత తొందరగ ఎవరికీ లొంగే మనిషి గాదు. "ఎప్పుడో చచ్చినాయన. ఆయనదే సరి అని ఇప్పుడెందుకు ఒప్పుకుంటరు?" అన్న. "కొలత చెప్పాక మనం ఎవరమమ్మా ఒప్పుకోకపోవడానికి" అన్నది.

మర్నాడు నాతోని ఉత్తరం రాయించింది. ఆమె కింద పని నేర్చుకున్న ఒకాయన ఇప్పుడు బెంగుళూరుల పెద్ద పదవుల ఉన్నడు. ఆయనకు ఇదివరకు ఎప్పుడో ఫోన్ల చెప్పిందంట, నా పాత కొలతలల్ల రెండో తరం ఉండొచ్చు, చూసి చెప్త అని. ఇప్పుడు రాయించింది: నా కొలతల్లో రెండో తరం ఆనవాలు లేదు. అప్పట్లో పక్కన పడ్డవి నా పొరపాట్లే. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కింద ఆమె సంతకం పెట్టింది, వంకరగ, కాగితం అంచు దాటి. నేనే పోయి పోస్టు డబ్బల వేసిన. నా చేతితోని రాసిన మొదటి ఉత్తరం. సంతోషపడ్డ, అబద్ధమెందుకు.

ఒక నెల నోటుబుక్కులు ముట్టలే. తర్వాత ఒక పొద్దున, "రెండోది కూడా అయిపోగొట్టు, సగంలో వదలడమెందుకు" అన్నది. తెరిచిన. మొదటి పేజీ చూసి మూసి, రెండోది తెరిచిన.

"ఏం, చదవవేం?"

"మొదటి పేజీల ఏం లేదు టీచరమ్మా. రెండోది చదువుత."

"ఏం లేదంటే? ఖాళీగా ఉందా?"

"ఖాళీ గాదు. అన్ని కొట్టేసినయే."

రైలు పేరు చెప్పే గొంతు ఏదో చెప్తున్నది కింద. ఆమె కుర్చీ నా దిక్కు జరుపుకున్నది.

"మొదటి నోటుబుక్కులో కూడా ఉన్నాయా? కొట్టేసినవి?"

"పేజీకి అయిదారు ఉన్నయ్."

"అవి చదివావా?"

"కొట్టేసినయ్ ఎవరన్న చదువుతరా?"

అన్న తర్వాత నాకు అర్థమైంది. నన్ను తిడ్తది అనుకున్న. తిడితే మంచిగుండేది. ముప్పై ఏండ్లు హెడ్మాస్టర్ల తోని తిట్లు తిన్న, తిట్లు నాకు లెక్క గాదు. ఆమె అద్దాలు తీసి చీర కొంగుతోని తుడిచింది. చూపు లేని మనిషి అద్దాలు తుడుచుడు అదే మొదలు చూసిన.

"కొట్టెయ్యమంటే కొట్టేశాను నేను. కొట్టేసింది చదవకూడదంటే మానేశావు నువ్వు. ఇద్దరిలో ఎవర్ని తిట్టమంటావు?" అన్నది.

"ఉత్తరం పోయింది కద" అన్న.

"పోయింది."

తెల్లారి నుంచి మళ్ళ షురూ చేసినం. నేను బజార్ల తలకాయకు పూస ఉన్న సూదులు తెచ్చిన. కొట్టేసిన చుక్కలకు అవి, తడిమితే వేరేగ తెల్వాలని. గని ఆ ఎర్రగీతలు సాదా గీతలు కావు. ఆమె వయసుల కోపం మీద కొట్టినట్టున్నది, మందంగ, ఒకదాని మీద ఒకటి రెండు గీతలు. కింద అంకె మూడో ఎనిమిదో, ఒకటో ఏడో తెల్వకపోయేది. కిటికీల ఎండకు పెట్టి చూసేదాన్ని. కాగితం వెనక వేలు పెట్టి ఒత్తు తడిమేదాన్ని.

"మూడు ఉన్నట్టున్నది."

"ఉన్నట్టున్నది వద్దు. కనబడితే చెప్పు. కనబడకపోతే కనబడలేదని చెప్పు."

"ఎనిమిదేమో..."

"వదిలెయ్. ఇంకోటి చూడు. ఊహించి ఒక్కటి చెప్పావంటే మిగతావన్నీ దండగ."

వారమంత కూసుంటే రెండు మూడు దొరికేవి. కొన్ని వారాలు ఒక్కటి సుత దొరకకపోయేది. అట్ల పది అయినయ్. "పది చాలవు. పది ఏమీ చెప్పవు. ముప్పై అయితే అప్పుడు తడుముతాను. ముందే తడిమితే మనసు ఏదో ఒక గీత గీసేసుకుంటుంది" అన్నది. పూసల సూదులను చెయ్యి పెట్టి చూడనే లేదు. నేనైతే అంత ఆగకపోయేదాన్ని.

వానకాలంల బాత్రూంల జారి పడ్డది. తుంటి ఎముక. ఆమె అన్న బిడ్డ యాప్రాల్ల ఉంటది, మంచి పిల్ల. పరుగెత్తి వచ్చి దవాఖానల చేర్పించింది. ఆపరేషన్ అయింది, దాని వెనక ఊపిరితిత్తులల్ల నెమ్ము వచ్చింది. నేను పొద్దున ఆమె ఇంటికి పోయి చదివి సూదులు గుచ్చేదాన్ని. ఏ గడి అని చెప్పే మనిషి లేదు, ఆమె నేర్పిన లెక్క కాగితం మీద వేసుకొని నేనే గుచ్చిన. మధ్యాహ్నం దవాఖానకు పోయేదాన్ని.

ఒకనాడు మెలకువల ఉన్నది. ముక్కుకు గొట్టం ఉన్నది. అద్దాలు తీసేసిన్రు. నేను వాటిని సొరుగుల వెతికి పెట్టిన.

"ఎన్నయ్యాయి?" అన్నది.

"పందొమ్మిది."

"ముప్పై కాలేదు."

"కాలే."

"అయినా చెప్పు. ఎక్కడ పడ్డాయి?"

ఇన్నేండ్లు ఊహ వద్దన్న మనిషి, ముప్పై దాక ఆగుదమన్న మనిషి అట్ల అడిగింది. ఆగే టైము లేదని ఆమెకు తెల్సిందన్నట్టు. నా నోరు నా మాట వినలే.

"పక్కకు పడ్డయ్ టీచరమ్మా. గీతకు పక్కకే. వేరే గీత లెక్కనే కనబడుతున్నది."

"పందొమ్మిదీనా?"

"పందొమ్మిది."

దుప్పటి మీద ఆమె వేళ్ళు కదిలినయ్, అట్ట తడిమినట్టు. మళ్ళ ఆగినయ్.

"పందొమ్మిదికి పందొమ్మిదీ ఒకే వైపు పడవమ్మా" అన్నది. గొంతు చానా మెత్తగున్నది. "కొలతలు అలా ఉండవు. నాలుగైదు ఎప్పుడూ తప్పుతాయి. నిజం చెప్పు."

నేను మంచం కడ్డీ పట్టుకున్న. "కొన్ని పక్కకున్నయ్. కొన్ని గీత మీదనే ఉన్నయ్. కొన్ని యాడికో పోయినయ్. నా లెక్క తప్పిందో, చుక్కలే అట్లున్నయో నాకు తెల్వదు."

"ఆఁ" అన్నది. "ఇప్పుడు నమ్మొచ్చు."

"నమ్మి ఏం చేస్తరు? ఏం తేలలే కద."

"తేలలేదు."

"అట్ట ఈడికి తెస్త. మీరే తడుమున్రి. మీకైతే తెలుస్తది."

"ఈ చెయ్యి చూడు" అని చెయ్యి లేపింది. సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిపోయింది, వేళ్ళు ఊదినయ్. "స్పర్శ లేదమ్మా నిన్నటినుంచి. గ్లాసు పట్టుకుంటే గ్లాసని తెలియట్లేదు."

నర్సు వచ్చి నన్ను లేపింది. మూడో రోజు పొద్దున యాప్రాల్ పిల్ల ఫోన్ చేసింది.

పదిరోజులయినంక నేను బెంగుళూరు ఆయనకు ఫోన్ చేసిన. నంబరు ఆమె అన్న బిడ్డ ఇచ్చింది. నేనెవరో చెప్పుకున్న. ఆ ఉత్తరం తప్పు సార్, ఆమె తప్పు గాదు, నేను కొట్టేసినయ్ చదవలే, అది నా తప్పు అని మొత్తం చెప్పిన. మంచాయనే, ఓపికగ విన్నడు.

"బాధపడకండమ్మా. ఇప్పుడు అంతరిక్షంలో తిరిగే దుర్భిణులతో ఆ గుత్తిలో చుక్కలన్నీ కొలిచేశారు. అందులో చాలా తరాలున్నాయని రుజువైపోయింది. ఆవిడ నోటుబుక్కులతో కొత్తగా తేలేదేమీ లేదు."

"గుత్తి సంగతి నేను అడుగుతలేను సార్. ఆమె సంగతి అడుగుతున్న. ఆమె చెయ్యి సరిగ కొలిచిందా, లేదా? మీరు కొలిచిన చుక్కలు, ఆమె కొలిచిన చుక్కలు పక్కపక్కన పెట్టి చూడలేరా?"

"ఆ నంబర్లు ఆవిడ సొంతంగా పెట్టుకున్నవమ్మా. ఏ నంబరు ఏ చుక్కదో గుర్తులు పెట్టిన గాజు పలక ఉంటే పోల్చవచ్చు. పలకలు పోయాయి. అవి లేకుండా ఎవరూ చెప్పలేరు."

"ఎవ్వరు?"

"ఎవ్వరూ."

థ్యాంక్స్ చెప్పి పెట్టేసిన. ఇంకేం చెప్తం.

యాప్రాల్ పిల్ల ఇల్లు ఖాళీ చేయంగ నోటుబుక్కులు, అట్ట నాకే ఇచ్చింది. అట్టను బస్సుల తెస్తుంటే కండక్టరు, "ఏందమ్మ గిది, దోమల బ్యాటా?" అన్నడు. ఒడిల పెట్టుకొని మౌలాలి దాక నిలబడ్డోళ్ళ మోచేతులు తగలకుండ చేతులు అడ్డం పెట్టి కూసున్న. నాలుగు సూదులు ఊడినయ్. యాడియో తెల్వక మళ్ళ చదివి మళ్ళ గుచ్చిన.

పొద్దున ఎండ కిటికీల ఉన్నంతసేపు కూసుంట. నా కుడి కన్నుల సుత పొర వచ్చింది, డాక్టరు ఆపరేషన్ అంటున్నడు. నిన్నటికి ఇరవై ఆరు అయినయ్. ముప్పై దాటినంక ఏం చెయ్యాల్నో ఆమె నాకు చెప్పలే, చెప్పనీకె నేను అడగలే. తడిమి చూసిన. నా చేతికి సూదులే తగిలినయ్, గీత తగల్లే. ఎర్రగీతలు ఇంక పేజీల నిండ ఉన్నయ్. రోజుకు ఒకటో రెండో పట్టి చూస్తున్న. కనబడనివి కనబడలేదని రాసుకుంటున్న. ఆఖరుకు గీత ఒక్కటే అని తేలితే ఎవరికి చెప్పాల్నో తెల్వదు. రెండు అని తేలితే సుత తెల్వదు.